నా చేత్తో రీతమ్మకు చీర

మా వాడలో చర్చిని గుడి అనే అంటాం. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే వస్తుంది. రేకుల కప్పు, సున్నం గోడలు. ఫాదర్ నెలకు ఒకసారి వచ్చి పూజ చేస్తాడు. మిగతా ఆదివారాలు వాడలోనే ఉండే ఉపదేశి ప్రార్థన చెప్తాడు. ఆ గుడిలో కుడిచేతి పక్క గూట్లో పునీత రీతమ్మ స్వరూపం ఉంటుంది. మూడడుగుల ఎత్తు, నల్లటి అంగీ, తలమీద ముసుగు, చేతిలో సిలువ.

మే నెల ఇరవై రెండున ఆమె పండుగ. నిప్పులు చెరిగే ఎండల్లో వస్తుంది. ముందు రోజు పొద్దున ఆమెను గూట్లోంచి దించి, కడిగి, కొత్త చీర కట్టి తేరు ఎక్కిస్తాం. ఆ చీర కట్టే పని మగడు బతికున్న ఆడవాళ్ళది. మగడు పోయినవాళ్ళు ఆ పొద్దు గుడి లోపలికి రారు. బయట పొయ్యిల దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారని నన్ను అడగకండి. నేను కోడలిగా వచ్చేసరికే ఉంది. ముప్పై ఏళ్ళు నేనూ లోపల నిలబడి ఆ చీర కొంగు పట్టుకున్నదాన్నే. బయట ఉల్లిగడ్డలు కోసేవాళ్ళ వైపు ఒక్కసారి తిరిగి చూసిన పాపాన పోలేదు. అది కూడా చెప్పాలి కదా.

చీర కట్టేది మా ఆడబిడ్డ. మా ఆయనకు అక్క, నాకు వదినె. వాడ ఆడవాళ్ళకంతా ఆమె మాటే మాట. చీర కట్టడం అయ్యాక గిన్నెలో కుంకుమ తడిపి, రీతమ్మ నొసటి మీదున్న ఎర్ర చుక్క మీద ఉంగరపు వేలితో అద్దేది. రంగు వెలిసిపోతే బాగుండదని. మేమూ బొట్టు పెట్టుకుంటాం, పుస్తెలతాడుకు సిలువ కట్టుకుంటాం, కాబట్టి మాకు అది బొట్టే. నిండు ముత్తైదువ రీతమ్మ అనుకునేవాళ్ళం. ఆ నల్ల అంగీ ఏమిటంటే, దేశం కాని దేశంలో ఆడవాళ్ళు అట్లాగే తొడుక్కుంటారు కాబోలు అనుకున్నాం.

నా కూతురి మొదటి కాన్పు జగిత్యాల ఆసుపత్రిలో. నవంబరులో, సకల ఆత్మల పండుగ వెళ్ళిన మూడో రోజు. నొప్పులు మొదలై రెండు రోజులైనా బిడ్డ బయట పడలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని రీతమ్మను పిలుస్తూనే ఉన్నాను. ఆమె కానే కాని పనులు చేసిపెట్టే పునీతురాలని మా అందరికీ నమ్మకం. మా ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఏం గొణుగుతున్నవే గట్ల?"

"రీతమ్మకు చీర మొక్కిన. నా చేత్తోని కడ్తనన్న."

"మంచిదే కడుదువు. సిరిసిల్లకెళ్ళి నేను తెస్త."

"తెచ్చుడు నీది, కట్టుడు నాది. నడుమ మీ అక్క రావద్దు."

ఆయన ఆ వరండాలోనే నవ్వాడు. సాయంత్రానికి మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

ఆయన సిరిసిల్లలో సాంచెల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చీర తెచ్చాడు. ఆకుపచ్చది, ఎర్ర అంచు. విభూది బుధవారం నాడు నొసట బూడిద పెట్టించుకుని పనికి పోయాడు. శుక్రవారం సాంచె పక్కన గుండె పట్టుకుని కూర్చున్నాడట. లేవలేదు.

ఫాదర్ వచ్చి సమాధి ప్రార్థన చేసి పోయాడు. తర్వాత పదో రోజున మా వదినె నా గాజులు పగలగొట్టింది, బొట్టు తుడిచింది. ఫాదర్‌కు తెలియదా అంటే తెలుసు. కొన్ని సంగతులు గుడివి, కొన్ని వాడవి. వదినె ఏడుస్తూనే చేసింది ఆ పని. చిన్నప్పుడు చంకనెత్తుకుని పెంచిన తమ్ముడాయె.

ఆ మే నెలలో, పండుగ ముందు రోజు, చీర పట్టుకుని గుడికి పోయాను. వదినె గుమ్మంలోనే అడ్డం నిలబడ్డది.

"ఓ మరదలా, యాడికి?"

"చీర కట్టనీకి వదినె. మొక్కున్నది."

"గిటియ్యి, నేను కడ్త. నీ మొక్కు తీరినట్టె."

"నా చేత్తోని కడ్తనని మొక్కిన."

"మొక్కినప్పుడు నీకు మొగడుండె. గిప్పుడేడి? ఆమె నొసల బొట్టు సూడు. గసొంటామెను నువ్వు ముడితె వాడకు మంచిదేనా? నీకో బిడ్డున్నది, మనుమరాలున్నది. గా సోయన్న ఉండద్దా?"

మనవరాలి పేరెత్తేసరికి గుమ్మం మీద పెట్టిన కాలు వెనక్కి తీశాను. లోపల ఉన్నవాళ్ళు ఒక్కరూ మాట్లాడలేదు. మాట్లాడరు, నేను మాట్లాడానా ముప్పై ఏళ్ళు? చీర చంకలో పెట్టుకుని తిరిగి వచ్చేశాను. ఉల్లిగడ్డల దగ్గర కూడా కూర్చోలేదు. తీరని మొక్కు ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో మొక్కుకున్నవాళ్ళకే తెలుసు. మనవరాలికి జ్వరం వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని ఆ చీరే నా కళ్ళ ముందుకు వచ్చేది.

ఇంట్లో ఒక్కదాన్ని కూర్చుని ఏం చేయాలి? సిరిసిల్ల పోయాను. ఆయన పనిచేసిన చోటే కండెలు చుట్టే పని ఇచ్చారు. సాంచెలో అడ్డం నడిచే దారాన్ని చిన్న కడ్డీలకు చుట్టి ఇవ్వాలి, వాటినే కండెలంటారు. సాంచెల చప్పుడులో పొద్దంతా ఎవరి మాటా వినబడదు, నా లోపలి మాట తప్ప.

అక్కడ ఆదివారం పూజకు పోయేదాన్ని. కేరళ నుంచి వచ్చిన ముసలి సిస్టరమ్మ ఒకామె ఉండేది. ఈ జిల్లాల్లోనే ముసలిదైంది కానీ తెలుగు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతుంది. ఒకరోజు చందా వేద్దామని నా చేతిసంచి తెరిస్తే అందులోని రీతమ్మ పటం చూసింది.

"భర్తలు పోయిన ఆడవాళ్ళ తల్లి నీ దగ్గరే ఉన్నదే!" అన్నది.

"ఎవ్వలు సిస్టరమ్మా?"

"రీతమ్మ."

"రీతమ్మ ముత్తైదువ గద. బొట్టు సూడున్రి."

ఆమె నవ్వబోయి నా ముఖం చూసి ఆగింది. "అది బొట్టు కాదమ్మా. గాయం" అన్నది.

గుడి మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పింది. రీతమ్మది ఇటలీ దేశంలో ఒక కొండ ఊరు. సన్యాసిని అవుతానంటే తల్లిదండ్రులు వినక పెళ్ళి చేశారు. మగడు కోపిష్టి. కొట్టి తిట్టి చివరికి ఆమె ఓర్పు చూసి మనిషయ్యాడు. మనిషయ్యాక పాత పగవాళ్ళు పొడిచి చంపారు. ఇద్దరు కొడుకులు తండ్రిని చంపినవాళ్ళను చంపుతామని లేచారు. వాళ్ళు హంతకులు కాకముందే తీసుకుపో దేవుడా అని ఆ తల్లి ప్రార్థించిందట. ఇద్దరూ రోగం వచ్చి పోయారట. ఈ ముక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సిస్టరమ్మతో ఆ మాటే అన్నాను. "నాకూ కష్టమే" అన్నది ఆమె.

ఒక్కతే మిగిలాక మఠంలో చేర్చుకొమ్మని పోయింది. వద్దన్నారు. మళ్ళీ పోయింది. వద్దన్నారు. మూడుసార్లు.

"ఎందుకద్దన్నరు?" అని అడిగాను.

"అక్కడ కన్యలనే తీసుకునేవారు. మగడు పోయినదాన్ని తీసుకునే పద్ధతి లేదన్నారు."

"పద్ధతన్నరా?"

"అవునమ్మా. ఆమె మాత్రం అడగడం మానలేదు. చివరికి తీసుకున్నారు."

మఠంలో ఒకరోజు సిలువ ముందు మోకరిల్లి ఉంటే, క్రీస్తు ముళ్ళ కిరీటంలోంచి ఒక ముల్లు వచ్చి ఆమె నొసట గుచ్చుకున్నదట. ఆ పుండు పదిహేనేళ్ళు మానలేదు. వాసనకు తోటివాళ్ళు ఆమెను దూరంగా ఒక గదిలో ఉంచారు. ఆ పుండే మా రీతమ్మ నొసటి ఎరుపు.

మరి ఇన్నేళ్ళ పండుగల్లో ఈ మాట మా చెవిన ఎందుకు పడలేదు? పడదు. ఫాదర్ ప్రసంగం చెప్పే వేళకు మా ఆడవాళ్ళంతా గుడి వెనుక అన్నం గుండిగల దగ్గర ఉంటాం. పునీతుల చరిత్రలు విన్నది మగవాళ్ళు. విని, చెయ్యి కడుక్కుని, భోజనానికి కూర్చున్నారు.

నాకు చదువు రాదు, సంతకం ఒక్కటి వచ్చు. అందుకని ప్రతి ఆదివారం ఆ కథ సిస్టరమ్మతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. వారమంతా కండెలు చుట్టుకుంటూ మనసులో చెప్పుకున్నాను. ఎక్కడా తడబడకుండా వచ్చేదాకా.

ఈ ఏడు మేలో చీర తీసుకుని బస్సెక్కాను. పొద్దున ఏడింటికే గుడికి పోయాను. రీతమ్మను అప్పటికే దించి బల్ల మీద నిలబెట్టారు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళున్నారు. వదినె చెంబుతో నీళ్ళు పోస్తున్నది. నేను గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా బల్ల దగ్గరికి నడిచాను.

"మల్లచ్చినవా?" అన్నది వదినె.

"అచ్చిన. వదినె, రీతమ్మకు మొగడు లేడు."

"ఏందే?"

"సంపిన్రు. ఈమె గూడ నా లెక్కనే. మొగడు పోయినంకనే సన్యాసం పుచ్చుకున్నది. గిది బొట్టు గాదు, ముల్లు గుచ్చిన పుండు."

"సిరిసిల్లల ఏం నూరిపోసిన్రే నీకు?"

నేను ఇక ఆమెతో వాదం పెట్టుకోలేదు. కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నా గొంతు మామూలుగానే బొంగురు, ఆ రోజు ఇంకా బొంగురుపోయింది, అయినా ఆపలేదు. తేరుకు పూలు కడుతున్న ముసలి ఉపదేశి బయట నుంచి తొంగి చూశాడు. వదినె ఆయన్ను పట్టుకున్నది.

"ఓ బాపూ, గిదేమో చెప్తాంది. నిజమేనా?"

"నిజమే. చరిత్రల గట్లనే ఉన్నది."

"మరిన్నేండ్లు చెప్పకపోతివి?"

"మీరెవ్వలన్న అడిగిన్రా? కుంకుమ పెడుతుంటె ఆడోళ్ళ పద్ధతి అనుకున్న."

ఒక చిన్న కోడలు పక్కున నవ్వింది. "గట్లయితె అత్తా, మొగడు లేనామెకు చీర కట్టనీకి మొగలున్నోళ్ళమే కావాల్నని ఇన్నేండ్లు తన్నుకున్నమా?"

"నువ్వు నోర్మూయే" అన్నది వదినె. నా వైపు తిరిగింది. "చరిత్ర చరిత్రనే, పద్ధతి పద్ధతే."

"ఆమెను మఠంలకు రానియ్యనోళ్ళు గూడ గిదే మాటన్నరు వదినె. పద్ధతన్నరు."

అని, తడిగుడ్డ తీసుకుని రీతమ్మ నొసలు తుడవడం మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి అద్దిన కుంకుమ అట్టలు కట్టి ఉంది. గోటితో గీకాను, మళ్ళీ తుడిచాను. బల్ల మీద ఎర్రటి నీళ్ళు పారాయి. అడుగున చిన్న గుంట కనబడింది, ముల్లు దిగినంత. స్వరూపం చేసినవాడు శ్రద్ధగా తవ్వి పెట్టిన గుంట. గుంట నుంచి కనుబొమ్మ దాకా సన్నటి రక్తపు చార. అందరూ వంగి చూశారు. ఒక ముసలామె మాత్రం సిలువ గుర్తు వేసుకుని, ఇదంతా మంచికి కాదని గొణుక్కుంటూ బయటికి పోయింది.

వదినె ఆ గుంట మీద వేలు పెట్టి చూసింది. "పుండు మీదనా నేను రుద్దింది, ఇన్నేండ్లు?" అన్నది. అని కింద చాప మీద కూర్చుండిపోయింది. నేను అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి, పదో రోజు నాటి గాజుల దగ్గర నుంచి. ఆ పొద్దు నాకు చీర కట్టడం ముఖ్యం.

చీర విప్పాను. సగానికి మడిచి, స్వరూపం నడుముకు తాడు బిగించి, చుట్టు తిప్పాను. బొమ్మకు చీర కట్టడమంటే మనిషికి కట్టినట్టు కాదు. నడుము వంగదు, చెయ్యి కదలదు, ఒకరు పట్టుకుంటే తప్ప కుచ్చిళ్ళు నిలవవు. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లు జారాయి. చుట్టూ ఉన్నవాళ్ళు వదినె ముఖం చూస్తున్నారే గానీ ఒక్కరూ చెయ్యి కలపడం లేదు. మూడోసారి పళ్ళతో అంచు పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"గట్ల గాదే" అన్నది వదినె చాప మీంచి. "తాడు ఇంకింత మీదికి గట్టు."

కట్టాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి వచ్చింది. వంగి కుచ్చిళ్ళ అడుగు రెండు చేతులతో పట్టుకున్నది. తల ఎత్తకుండానే అడిగింది.

"రేపు తేరు ముందట గూడ నడుస్తవా?"

"నడుస్త."

"మంది అంటరు."

"అననియ్యి."

"నేను గూడ అంట, మల్ల."

"అను వదినె. గట్టిగ వట్టుకో, జారుతాంది."

ఆమె పట్టుకున్నది. నేను కుచ్చిళ్ళు దోపి, కొంగు రీతమ్మ భుజం మీదుగా తీసి, పిన్నీసు పెట్టాను.