చెట్ల మూలన తిరిగే గాలి

కొన్నేళ్ల కిందట నేను ఉప్పల్ చెరువులో నిండా మునిగాను. నీళ్లలో మునగడం చిన్న సంగతి, ఆరేస్తే ఆరిపోతుంది. నాకంటే ముందు మునిగిన నా పరువు ఇంకా తడిగానే ఉంది. ఆ కథ చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వండి.

నా మేనకోడలు స్వరూప ఇంజినీరు. ఆమే, నాచారంలో లేతు మిషన్ల షాపు నడిపే సత్తన్నా, మరో నలుగురూ కలిసి ఒక షెడ్డులో ఏడాది కష్టపడి తలా ఒక కాటమరాన్ తయారుచేసుకున్నారు. రెండు సన్నని పడవల్ని పక్కపక్కన బిగించి, మధ్యలో తెరచాప ఎత్తితే అదే కాటమరాన్. అన్నీ ఒకే కొలతలో ఉంటే ఒకే తరగతి కింద పందెం పెట్టవచ్చు. చెరువులో ఏటా పందేలు నడపాలంటే, అనుమతిచ్చే అధికారి ముందు ఒక పందెం సజావుగా పూర్తిచేసి చూపాలి. లేదంటే ఆ పడవలు షెడ్డులోనే ఎండిపోతాయి.

నిర్వహణ నాకు అప్పగించారు, ఎందుకంటే నాకు మాట్లాడటం వచ్చు. నేను పెట్టిన మొదటి నియమం: కమిటీలో పడవ నడిపేవాళ్లు ఉండరాదు. పరీక్ష రాసేవాడే ప్రశ్నపత్రం తయారుచేస్తాడా? తర్కం ఎంత పదునుగా ఉందో చూడండి. కమిటీ అంటే నేనూ, నా వాదనలకు తలూపే ఇద్దరు మిత్రులూ. ముగ్గురికీ ఈత రాదు.

పడవలు చుట్టి రావడానికి నీళ్లలో ఒక ఎర్ర డ్రమ్ము తేలవేయాలి. చెరువు చివర చెట్ల మూల చూపించి, అక్కడే అన్నాను.

“మామ, ఆ మూలకు వద్దు,” అంది స్వరూప. “పొద్దుగూకే యాళ్లకు ఆడ గాలి తిరుగుతది.”

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. “నువ్వు చూశావా?”

“సూసుడేంది మామ, గాలి కండ్లకు కనిపిస్తదా?”

“నన్నైతే పట్టుకొని గిరగిర తిప్పింది సార్,” అన్నాడు సత్తన్న.

“మరి ఎలా వదిలింది?”

“ఏం జేస్తం. తెరచాప దించి సప్పుడు జెయ్యక కూసున్న. దాని మానాన అది పోయింది.”

నా రక్తం మరిగింది. “ఇంజినీరింగ్ చదివి గాలీ ధూళీ అంటావా?”

“ధూళి గురించి నేనేమన్న మామ?”

ఆమె వాక్యం పూర్తయ్యేలోగా నా ఉపన్యాసం మొదలైంది. డ్రమ్ము అక్కడే వేయించాను. మూఢనమ్మకాన్ని దాని ఇంట్లోనే ఓడించాలని పందెం కూడా సరిగ్గా పొద్దుగూకే వేళకే పెట్టాను. డ్రమ్ముకు కట్టిన చిన్న రబ్బరు పడవలో న్యాయనిర్ణేతగా నేనే కూర్చున్నాను.

మబ్బు పట్టింది. గట్టు మీది మాటలు నా దాకా రావడం మానేశాయి. చెట్ల నీడ నీళ్ల మీద నల్లగా పరుచుకుంది. ఆరు పడవలూ బాణాల్లా వచ్చి, ఆ నీడలోకి చేరగానే ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయాయి. తెరచాపలు దండెం మీద మరిచిపోయిన పంచెల్లా వేలాడాయి. ఆకు కదలడం లేదు. గుర్రపుడెక్క కింద ఏదో బుడుంగుమంది. అప్పుడు మొదలైంది ఒక మూలుగు. సన్నగా, వణుకుతూ, నాకు చాలా దగ్గరగా.

పడవల్లో అందరూ బిగుసుకుపోయారు. ఎవరూ ముట్టుకోకుండానే ఆరు పడవల ముఖాలూ నెమ్మదిగా నా వైపు తిరిగాయి.

“వస్తున్నది,” అన్నాడు సత్తన్న, నా వెనక్కి చూస్తూ.

వెనక్కి తిరిగే ధైర్యం కోసం హేతువాదమంతా వెతికాను, దొరకలేదు. “ఆమెకు ఏం కావాలట?” అని అడిగాను.

“ఎవరికి మామ?”

జవాబు చెప్పేలోగా చెట్ల వెనక నుంచి ఒక్క విసురు వచ్చి నా రబ్బరు పడవను దోసెలా తిరగేసింది. స్వరూప నా కాలరు పట్టుకుని పైకి లాగింది.

“బిల్డింగుల ఎనక నుంచి వచ్చే గాలి చెట్లకు తగిలి తిరుగుతది మామ. ముందు సచ్చిపోతది, తర్వాత ఉల్టా కొడ్తది. గదే కదా మేం మొత్తుకున్నది. నువ్వు ఏ గాలి అనుకున్నవ్?”

నేను మాట మార్చాను. “మరి ఆ మూలుగు?” అన్నాను.

ఆమె సత్తన్న వైపు చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు. “అది మీరే సార్. మేం మస్తు భయపడ్డం.”

పందెం పూర్తి కాలేదు. “ఆ డ్రమ్ము ఎవరు పెట్టించిన్రు?” అని అధికారి అడిగితే ఆరుగురూ మర్యాదగా ఆకాశం వైపు చూశారు. నీళ్లోడుతున్న చెయ్యి నేనే ఎత్తాను. నడిపేవాళ్లే నిర్వహించాలన్న షరతు మీద ఆయన ఇంకో ఆదివారం ఇచ్చాడు. ఆ ఆదివారం డ్రమ్ము చెరువు నడిమధ్యకూ, పందెం ఉదయానికీ మారాయి. ఆరు పడవలూ చుట్టి వచ్చాయి, అనుమతీ వచ్చింది. కొత్త కమిటీ పెట్టుకున్న నియమం ఒక్కటే: ఈ చెరువులో తడిసినవాళ్లకే ఓటు. ఆ లెక్కన నాకూ ఒకటి ఉంది.

కాబట్టి హేతువు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. పడవ నడిపేవాళ్లను అడగకుండా పడవల నియమం రాయను. ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండా ఉపన్యాసం మొదలుపెట్టను. ఇక ఎప్పుడైనా మూలగవలసి వస్తే, ముందు నా పేరు చెప్పి మరీ మూలుగుతాను.