నాడె ఆట

ఆ రోజుల్లో కొత్త ఉద్యోగమంటే ఖద్దరు చీర, చేతిసంచి, ఎవరికైనా ఏదైనా నేర్పేయగలనన్న ధీమా. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. పసిపిల్లలను ఎలా ఆడించాలో తల్లులకు చెప్పే పని మీద మెట్‌పల్లిలోని మగ్గాల వాడకు వేశారు (అప్పటికి నేను ఎత్తుకున్న పసిబిడ్డ ఒక్కడూ లేడు). అధికారిణి వచ్చి చూసి సరేనంటేనే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికే. ఇంటి దగ్గర మా బాపు ఒక పెళ్లి సంబంధం పట్టుకుని నా కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆవిడ వచ్చే రోజున ఒక నేతగాళ్ల ఇంట్లో పది నెలల బుజ్జిగాణ్ణి ఎంచుకున్నాను. వాడి నాయనమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. ఈ మోతలో పిల్లవాడి బుద్ధి ఎలా వికసిస్తుందని, "అవ్వా, కాసేపు మగ్గం ఆపు" అన్నాను. "ఆపితె పోరడు ఊకోడు బిడ్డా" అంది. శిక్షణ పొందింది నేనా, ఈవిడా అనుకుని ఆపించేశాను.

మగ్గం ఆగింది, పిల్లవాడు మొదలుపెట్టాడు. గిలక్కాయ ఊపితే లాక్కుని విసిరికొట్టాడు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తీసి 'బూ' అన్నాను. నా మొహం కనబడినప్పుడల్లా ఇంకా గట్టిగా ఏడ్చాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అధికారిణి, చేతిలో నోటుపుస్తకం. చప్పట్లు కొట్టాను, పిల్లిలా అరిచాను, ఖద్దరు చీరతోనే నేల మీద పాకాను. ఆవిడ ఏదో రాసుకుంటోంది. నాకూ ఏడుపొచ్చేసింది.

"జర జరుగు బిడ్డా" అంటూ నాయనమ్మ మళ్లీ గుంటలోకి దిగింది. టకటక మొదలవగానే వాడి ఏడుపు ఆగిపోయింది. దారం మోసుకుని నాడె అటు పరుగెత్తితే వాడి తల అటు, ఇటు వస్తే ఇటు. నాయనమ్మ ఉన్నట్టుండి చెయ్యి ఆపేది. వాడు ఊపిరి బిగబట్టి చూసేవాడు. మళ్లీ నాడె కదిలితే పకపకా నవ్వి చప్పట్లు!

"భలే ఉందే! ఈ ఆట ఎవరు నేర్పారమ్మా?" అంది అధికారిణి.

నాయనమ్మ ఎర్రబడ్డ నా కళ్లను ఒకసారి చూసింది. "ఇంకెవరు? గీ టీచరమ్మనే. రోజు వచ్చి చెప్తది."

నేను చీరకంటిన దుమ్ము దులుపుకుని టీచరమ్మలా నిలబడ్డాను.

ఉద్యోగం ఖాయమైంది. తర్వాత ఎన్నో ఊళ్లలో దారపు కండెను అటూ ఇటూ దొర్లిస్తూ ఆ ఆట నేర్పాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్కచోట కూడా చెప్పలేదు. మొన్న మనవడు ఏడుస్తుంటే అదే ఆడించాను. "ఎవరు నేర్పిండ్రు అమ్మమ్మా?" అంది వాడి అక్క. 'నేనే' అనబోయి, సిగ్గేసి, మెట్‌పల్లి అవ్వ సంగతంతా చెప్పాను.

"మరి నువ్వేం నేర్పినవ్?" అంది అది.

ఈ ప్రశ్న ఆనాడు అధికారిణికి తోచలేదు కనుక బతికిపోయాను.