రెమిషన్ ఆ ఏటి వరకే

2009లో న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో దగ్గరి ఒక ఆసుపత్రి క్యాన్సర్ విభాగంలో నన్ను తెలుగు దుబాసీగా వేశారు. మా నియమాలు కఠినం. రోగికి కాస్త వెనకగా కూర్చోవాలి. డాక్టరు "నేను" అంటే మేమూ "నేను" అనాలి. ఒక్క ముక్క చేర్చకూడదు, ఒక్క ముక్క మింగకూడదు. సరైన తెలుగు మాట దొరక్కపోతే ఇంగ్లీషు మాటనే ఉంచి, దాన్ని వివరించమని డాక్టరును అడగాలి.

ఆ రోజు రోగి వసుంధరగారు. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై, కూతురు లావణ్య దగ్గర ఉంటున్నారు. రక్త క్యాన్సర్‌కు కీమో పూర్తయింది. రోజూ వేసుకోవలసిన మాత్ర మాత్రం మిగిలింది. అది వేసుకుంటే ఆమెకు వాంతులు.

లోపలికి వెళ్ళేముందు లావణ్య నన్ను పక్కకు పిలిచింది.

"ఆంటీ, డాక్టర్ రెమిషన్ అంటారు. మీరు నయమైపోయిందని చెప్పేయండి, ప్లీజ్. అమ్మ అసలు నిద్రపోవట్లేదు."

జబ్బు పోయిందని తెలిసిన రోజే ఆ మాత్రలు పారేస్తానని తల్లి అంటోందనీ తనే చెప్పింది. ఆ రెండు ముక్కలూ కలిపి చూసుకోలేదా ఈ పిల్ల అని నాకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది. అలా చెప్పడం కుదరదన్నాను. మొహం మాడ్చుకుంది.

డాక్టరు అన్నది అన్నట్టే చెప్పాను. "మీ జబ్బు రెమిషన్‌లో ఉందండి."

వివరం అడుగుదామని ఆయన వైపు తిరిగేలోపే వసుంధరగారు అందుకున్నారు.

"రెమిషనా? సర్వీసంతా రాశానమ్మా అవి. పంట పోతే రైతుకి ఆ ఏటి శిస్తు వదిలేస్తాం. అంతేగాని భూమి మీద శిస్తు రద్దవదు. పైయేడు మామూలే." డాక్టరు వైపు తిరిగారు. "అయితే ఇదీ మళ్ళీ వస్తుందా?"

అంతా ఇంగ్లీషులో చెప్పాను. రావచ్చని, రాకుండా ఆపడానికే ఆ మాత్రని డాక్టరు అన్నారు. అదీ అన్నది అన్నట్టే తెలుగులో చెప్పాను. లావణ్య ఏడ్చేసింది.

"ఏడవకే," అన్నారు వసుంధరగారు. "ఇవాళ్టి మాత్ర వేసుకోలేదు. బ్యాగ్‌లో ఉందా?"

తరువాత నిఘంటువు చూశాను. మూలమైన లాటిన్ మాటకు వెనక్కి పంపడం, సడలించడం అని అర్థం. జైల్లో శిక్ష తగ్గిస్తే రెమిషన్, తాలూకా కచేరీలో శిస్తు వదిలేస్తే రెమిషన్, ఆసుపత్రిలో జబ్బు అణిగితే రెమిషన్. వీటిలో ఎక్కడా నయం కావడమన్న అర్థం లేదు.

వాంతులు చేసుకుంటూనే ఆమె ఆ మాత్రలు రెండేళ్ళు వేసుకున్నారు. తరువాత జబ్బు తిరగబెట్టింది. ఆమె దక్కలేదు.

నేను రిటైరయ్యేదాకా ప్రతి రోగినీ ముందుగా ఏం పని చేసేవారని అడిగాను. డాక్టరు వాడే మాట రోగి ఉద్యోగంలో వేరే అర్థంతో స్థిరపడి ఉండవచ్చు. వసుంధరగారి విషయంలో ఆ రెండర్థాలూ కలిశాయి. అన్నిసార్లూ కలవవు.