బండ మీద మిగిలిన రాయి

మా బరంపురం వీధిలో ఎవరో ఇల్లు కడుతూ లారీ కంకర దింపించారు. దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లగానే లేచిన పచ్చిరాతి వాసనకి, వాకిట్లో పని చేసుకుంటున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఏ ఇంటికి ఎంత రాయి, ఎంత ఇసుక పడుతుందో లెక్కకట్టి చెప్పడమే నా జీవనం. బడిలో నేర్చింది కొంచెమే, మిగతాది నాకు నేనే పట్టుకున్నాను. అలవాటు కొద్దీ పోయినవాటిని లెక్క వేశాను. ఒక కొండ. దాని నడుమ వేసవిలోనూ ఆరని ఒక ఊట. ఊట పక్కన మంచమంత చదును బండ. ఒక వెదురు పొద, ఒక కొండముచ్చుల గుంపు. మామ్మ, నాన్న, చిన్నాన్న, అమ్మ.

రంభలో మాది ఎండుచేపల వ్యాపారం. వానలు వెనకపట్టి, చిలికా సరస్సు గట్ల మీద రెల్లు తెల్లబడేసరికి ఖల్లికోట వైపున్న ఆ కొండ ఎక్కడం మా ఇంటి ఆనవాయితీ. అటుకులు, బెల్లం, కొబ్బరిచిప్ప మూటకట్టుకుని, వేళ్ళకి అంటిన చేపల వాసన ఊట నీళ్ళలో కడుక్కుని, అడవి తులసి ఒరుసుకుంటూ పైకి పోతుంటే, కింద సరస్సు మెల్లగా వెడల్పవుతూ చివరికి ఆకాశమే బోర్లపడినట్టు కనిపించేది. ఏడాదంతా ఆ ఒక్కరోజు కోసమే నేను పెరిగేదాన్ని.

కొండ మొదట్లో ప్రతి మనిషీ ఒక గులకరాయి ఏరుకుని, ఊట పక్క బండ మీద పెట్టాలి. దిగేటప్పుడు ఎవరి రాయి వారు తీసుకుని కింద పారేయాలి. కొండ మీద పేరుపెట్టి పిలవకూడదు గనక అందరూ దిగారో లేదో చెప్పేవి ఆ రాళ్ళే. రాయి మిగిలిందంటే మనిషి మిగిలినట్టు. ముందుగా బండని ఆకులతో ఊడ్చి శుభ్రం చేయడం నా పని.

నాకు ఏడో ఏడు. ఎప్పటిలాగే బండ ఊడ్చి, నా రాయి పెట్టి, నీళ్ళలో ఆడుకోవడానికి పరుగెత్తాను. మధ్యాహ్నం తిరిగి దిగుతుంటే సరస్సు మీంచి మంచు పైకి పాకింది. కొండముచ్చుల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తెల్లటి మంచులో ఒక్కొక్కరం చేయి చాపి రాయి తీసుకున్నాం. చివరగా నేను బండ తడిమి చూశాను. ఇంకొకటి ఉంది.

"లెక్కల మేష్ట్రమ్మా, రెండుసార్లు ఎట్టేసినావేటి?" అని నవ్వాడు చిన్నాన్న. నాన్న అందర్నీ చేతులు చాపమన్నాడు. ఐదుగురం, ఐదు రాళ్ళు. బండ మీదది చిన్నది, గుండ్రంగా, ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు తడిగా ఉంది. నేను తీయబోతే మామ్మ నా చేయి పట్టుకుంది.

"ముట్టకు. మనది కానిది మనం దింపకూడదు. ఎట్టినోలే తీసుకోవాల. అది దిగినదాకా మనింటోలు ఈ కొండెక్కీది నేదు."

భయం వేయలేదు నాకు. కొండ ఇక లేదని ఏడ్చాను. ఎనక్కి సూడకండని మామ్మ చెబుతూనే ఉంది. అందరికంటే వెనక అమ్మ నడిచింది, చిన్న చిన్న అడుగులు వేసే ఎవరికోసమో నెమ్మదించినట్టు. ఒకచోట ఆమె ఆగి వెనక్కి తిరగడం నేను చూశాను. ఆమె ఆగినా, ఎండుటాకుల చప్పుడు ఇంకా కాస్త దూరం వచ్చి ఆగింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ కొండ మాట ఎత్తలేదు. నేను తొలిచూలుతో పుట్టింటికి వచ్చినప్పుడు, తల దువ్వుతూ అమ్మే ఎత్తింది.

"ఆ యేడు నేను రెండు రాళ్ళు ఎట్టినానే. నీకన్న ముందు ఒకడు పుట్టి, పేరెట్టకముందే పోనాడు. వాడు కొండ సూడనేదు కదా అని."

ఇన్నేళ్ళకి లెక్క కుదిరిందనుకున్నాను. అయితే ఆ మిగిలింది వాడి రాయే అన్నాను. అమ్మ దువ్వెన ఆగింది.

"నేదు. దిగీటప్పుడు రెండూ నేనే తీసినాను. ఒకటి సేతిలో, ఒకటి సెంగులో."

మరి అదెవరిదని అడిగాను.

"వాడిది వాడే ఎట్టుకున్నాడేమో. అందికే ఎనక్కి సూసినాను."

ఏం కనిపించిందో చెప్పకుండా జడ అల్లడం మొదలుపెట్టింది. అప్పటికే ఆ కొండకి ఒక పక్క మందుగుండు పెట్టడం మొదలైంది. ఏడాదికేడాది రైల్లోంచి చూస్తుండగానే సగమై, పావై, చివరికి పచ్చనీళ్ళు నిలిచిన గొయ్యి అయింది.

ఈ రాయి ఎక్కడిదని లారీ అతన్ని అడిగాను. ఖల్లికోట వైపుదన్నాడు. కుప్పని కాలితో కదిపి చూశాను, తర్వాత కూర్చుని చేత్తో చూశాను. అన్నీ కోసుగా పగిలినవే, గుండ్రటిది ఒక్కటీ లేదు. ఆ రోజు ఎక్కిన రాళ్ళు, అమ్మ చెంగులోదీ ఆ తడిదీ కలిపి, ఏడు. దిగినవి ఆరు. కొండకి కొండే దిగివచ్చి మా వీధిలో పడింది. దిగాల్సింది ఇంకా ఒకటి.