సగంలో ఆగిన ఎమ్మెల్యే అభిప్రాయం

ఈ రోజు మధ్యాహ్నం మా ఎమ్మెల్యే సిరిసిల్ల వచ్చారు. అడవిలో నక్సలైట్ అన్నల భయానికి ఏడాదిగా మా వాడ ముఖం చూడని మనిషి, రెండు జీపుల పోలీసులను వెంటేసుకుని వచ్చి మేం సాంచాలనే మరమగ్గాల షెడ్డు ముందు కుర్చీ వేయించుకున్నారు. అసెంబ్లీ ముందుకొచ్చిన కొత్త కరెంటు చట్టం మీద తన అభిప్రాయం చెబుతారట. కరెంటు లేదు కాబట్టి మేమంతా వెళ్లి కూర్చున్నాం. ఉంటే ఎవరు పోతారు?

చట్టం చాలా గొప్పదన్నారు, లోతుగా అర్థం చేసుకోవాలన్నారు. వినీ వినీ విసిగిపోయి, మాలో పెద్దవాడైన రాజేశం మామ లేచి అడిగాడు.

"సారూ, గదంత ఇడిసిపెట్టుండ్రి. గా చట్టమస్తె మా సాంచాలకు కరెంటు రేటు పెరుగుతదా, తగ్గుతదా?"

"మంచిగడిగినవ్. సూడు, నా అభిప్రాయమేందంటే..."

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. కరెంటు పోయినప్పుడు స్విచ్చి ఆపే అలవాటు మాకు లేదు. లోపల సాంచాలన్నీ ఒక్కసారిగా దడదడమన్నాయి. పోగులు తెగుతాయని అందరం లేచి ఉరికాం. గన్‌మెన్లు ఎమ్మెల్యేను కింద పడుకోబెట్టి తుపాకులు మావైపు తిప్పారు.

రాజేశం మామ గుమ్మంలోనే చేతులెత్తి నిలబడిపోయాడు.

"కాల్చకుండ్రి, నీ బాంచెన్! అన్నలు కాదు, కరెంటచ్చింది!"

నిమిషంలో జీపులు వెళ్లిపోయాయి. రేటు పెరుగుతుందో తగ్గుతుందో మాకింకా తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే వచ్చి చెప్పండి. కరెంటు పోయాక రండి, తీరిగ్గా వింటాం.