విమానానికి లేని క్లచ్

దయ్యాలను నమ్మేంత తీరిక నాకు ఎప్పుడూ లేదు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కి పోవడం, సాయంత్రం అదే దారిలో నిలబడి రావడం, ఇంటికొచ్చాక ఇంకో డ్యూటీ. దయ్యం ఎదురైనా పక్కకు జరగమని చెప్పి నా పని చూసుకునే రకం నేను.

ల్యాబ్‌లో పిల్లలు అప్పుడప్పుడు పిలుస్తారు. "మేడమ్, దీంట్ల దయ్యమున్నది, మౌస్ దానంతట అదే ఉరుకుతున్నది" అంటారు. పోయి చూస్తే వైరు వదులై ఉంటుంది. లేదంటే పక్క సిస్టమ్ మౌస్ దీనికి తగిలించి ఉంటుంది. ఇన్నేళ్లలో ప్రతి దయ్యానికీ నాకు ఒక వైరు దొరికింది. ఒక్కదానికి దొరకలేదు. అది జరిగింది మా ఇంట్లోనే, పట్టపగలు.

ముందు మా బాపు సంగతి చెప్పాలి. ఆయన బస్సు డ్రైవర్. ఉద్యోగమంతా కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య రోడ్డు మీదే గడిచింది. రిటైరైన కొన్నాళ్లకే పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, ఎడమ చెయ్యి సగం తిరిగొచ్చింది, ఎడమ కాలు మాత్రం రాలేదు. అమ్మ ఎప్పుడో పోయింది. తమ్ముడికి హైదరాబాదులో ఉద్యోగం. నా కాపురం నిలబడలేదు కాబట్టి నేను పుట్టింట్లోనే ఉన్నాను. బాపు నా చేతికే వచ్చాడు.

కామారెడ్డిలో ఫిజియోథెరపీ చేసే డాక్టర్ ఒకటే మాట చెప్పాడు. ఆ కాలితో తొక్కే ప్రయత్నం మానొద్దు, ఒక్కసారి దానంతట అది కదిలితే చాలు, అక్కడి నుంచి నడక దాకా తెచ్చుకోవచ్చు అని. నేను రోజూ ఆ ఒక్కసారి కోసమే చూసేదాన్ని. రబ్బరు పట్టీలతో వ్యాయామం చేయించబోతే బాపు ముఖం తిప్పుకునేవాడు. "గీ గుంజుడు ఆటలు నాతోని కాదు బిడ్డా" అనేవాడు.

అప్పుడు గుర్తొచ్చాయి తమ్ముడి సామాన్లు. వాడికి ఒకప్పుడు విమానాల పిచ్చి. కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట కోసం ఒక్కొక్కటే కొనుక్కున్నాడు. విమానాన్ని లేపడానికి, వంచడానికి కర్రలాంటి స్టిక్ ఒకటి, వేగం పెంచి తగ్గించడానికి థ్రాటిల్ అనే లివర్ ఒకటి, కాళ్ల కింద పెట్టుకునే పెడల్స్ జత ఒకటి. హైదరాబాదులో ఇరుకు గదికి మారినప్పుడు అన్నీ ఇక్కడే వదిలేశాడు.

ఒకే కంప్యూటర్‌కు ఇన్ని తగిలించడం చెప్పినంత సులువు కాదు. ఏది చెయ్యిదో ఏది కాలిదో దానికి తెలియదు. ఏ సాకెట్‌లో పెట్టామో చూసి నంబరు ఇచ్చుకుంటుంది. సాకెట్ మారిందా, లివర్ లాగితే విమానం పక్కకు తిరుగుతుంది. ఒకే పనిని రెండు సామాన్లకు అప్పగిస్తే అవి కొట్లాడుకుంటాయి, విమానం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. నేను ప్రతి సాకెట్ పక్కన గోళ్ల రంగుతో గుర్తులు పెట్టి, స్టిక్‌ను మెలితిప్పితే విమానం ముక్కు తిరిగే ఏర్పాటును తీసేశాను. ముక్కు తిప్పే పని పూర్తిగా పెడల్స్‌కే ఇచ్చాను. ఎడమ పెడల్ తొక్కితే ఎడమకు, కుడిది తొక్కితే కుడికి. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. మిగతాదంతా దీని మీదే ఉంది.

స్టిక్ నేను పట్టుకునేదాన్ని. బాపు కుడి చేతికి థ్రాటిల్, కాళ్ల కింద పెడల్స్. ఇద్దరం కలిసి ఒక విమానం. మొదటి రోజు ఎంతమంది పడతారని అడిగాడు. నలుగురన్నాను. "ఆటో నయం గదా" అన్నాడు. అయినా కూర్చున్నాడు, ఆ తర్వాత సాయంత్రమైతే చాలు నా బస్సు కోసం ఎదురుచూసేవాడు.

ఆయన విమానం నడిపే తీరు చూస్తే తమ్ముడు నెత్తి కొట్టుకునేవాడేమో. ఆకాశంలో ఉన్నా కింద రోడ్డును వదిలేవాడు కాదు. రోడ్డు ఎక్కడ మలుపు తిరిగితే మేమూ అక్కడ తిరగాల్సిందే. అడ్డంగా పోదామంటే రూట్ తప్పుతుందనేవాడు. ఎల్లారెడ్డి దగ్గర విమానం దిగే చోటు ఏదీ లేదు కాబట్టి ఊరి బయట తిన్నని రోడ్డు మీదే దించేవాళ్లం. ఆయనకు అదే సరైన పద్ధతిగా తోచేది.

ఇంకొక అలవాటుంది. థ్రాటిల్ వెనక్కి లాగి వేగం తగ్గించినప్పుడల్లా బాపు ఎడమ భుజం కిందికి వాలేది. ఒకసారి వాలి, లేచి, మళ్లీ ఒకసారి. ఎడమ కాలితో క్లచ్ తొక్కబోతున్నాడని నాకు కొన్ని రోజులకు అర్థమైంది. రెండుసార్లు ఎందుకని అడిగాను.

"పాత బండ్లల్ల గేరు దించాలంటే రెండుసార్లు తొక్కాలె. ఒక్కసారికి పడదు."

"విమానానికి క్లచ్ ఉండదు బాపు."

"దానికి లేకుంటే లేదు. నా కాలుకున్నది గదా."

తొక్కాలనుకోవడమే మాకు కావాల్సింది. పెడల్ ఎంత కదిలిందో చూపించే గీత తెర మూలన పెట్టుకున్నాను. భుజం వాలిన ప్రతిసారీ నా చూపు అక్కడే ఉండేది. కుడి వైపు గీత లేచేది, పడేది. ఎడమ వైపు ఒక్కసారీ లేవలేదు. రోజంతా పని చేసి వచ్చి, ఆ లేవని గీతను చూస్తూ కూర్చోవడం ఎంత అలసటో చెప్పలేను.

ఒక ఆదివారం తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. మేమిద్దరం లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు వస్తున్నాం, అంటే తెర మీద. ఉన్నట్టుండి బాపు మాట ముద్దగా అయింది, తల పక్కకు వాలింది. నేను ఆటను అక్కడే ఆపి లేచాను. తమ్ముడు, నేను ఆయనను ఎత్తి పక్కింటి వాళ్ల కారులో కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయాం. పక్షవాతమే మళ్లీ వచ్చిందన్నారు, ఈసారి చిన్నదే అన్నారు.

వార్డులో బాపు ఎక్కువసేపు కళ్లు మూసుకునే ఉండేవాడు. తెరిచినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "బండేడున్నది?"

తమ్ముడు డిపోలో పెట్టామని చెప్పాడు.

"అబద్ధం. లింగంపేట దాటినంక రోడ్డు మీదనే ఇడిసిపెట్టిండ్రు. ప్యాసింజర్లను ఎవలు దించిండ్రు?"

ఆ మాట అంటూ మంచం దిగబోయేవాడు. పట్టుకుంటే రక్తపోటు పెరిగేది. ఇలా కొట్టుకుంటే ఇంకోసారి వస్తుందని, మనసు నిమ్మళంగా ఉంచాలని డాక్టర్ కోప్పడ్డాడు. ఉద్యోగంలో ఉన్నంత కాలం బాపు ఒక్క బస్సునూ దారిలో వదిలి రాలేదు. చెడిపోయిన బస్సు పక్కన మెకానిక్ వచ్చేదాకా ఎండలో కూర్చున్న మనిషి. ఆయనకు అబద్ధం చెప్పి నమ్మించడం మా వల్ల కాలేదు.

మూడో రోజో నాలుగో రోజో బట్టల కోసం నేను ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం. ఎండ గదిలోకి పడుతోంది. కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నిద్రలో ఉంది, ఆపిన ఆట ఆపినట్టే ఉంటుందని నాకు తెలుసు. ఆ విమానాన్ని దించేస్తే పోయి నిజమే చెప్పొచ్చు కదా అనిపించింది. అంత అలసిపోయి ఉన్నాను, అది పిచ్చి ఆలోచన అని కూడా తోచలేదు.

పెడల్స్ తలుపు పక్కన బోర్లా పడి ఉన్నాయి. బాపును ఎత్తినప్పుడు ఎవరి కాలికో తగిలి వైరు ఊడినట్టుంది. కాళ్లకు అడ్డమని వాటిని తీసి అటక మీద పెట్టాను. ఈ పని నా చేతులతో చేశాను. దాంట్లో నాకు సందేహం లేదు.

కంప్యూటర్‌ను లేపాను. ఎడమ చేత్తో స్టిక్, కుడి చేత్తో థ్రాటిల్. కింద రోడ్డు కనబడుతోంది. కిందికి దిగడానికి థ్రాటిల్ కొంచెం వెనక్కి లాగాను. విమానం ముక్కు ఎడమకు తిరిగింది. నిలబడింది. మళ్లీ ఎడమకు తిరిగి నిలబడింది.

గాలి అనుకున్నాను. ఇంకొంచెం లాగాను. మళ్లీ అంతే, రెండుసార్లు.

అక్కడే ఆపి, నా ఉద్యోగం నాకు నేర్పినట్టు ఒక్కొక్కటే చూశాను. తగిలించిన సామాన్ల వరుసలో రెండే ఉన్నాయి, స్టిక్, థ్రాటిల్. నంబర్లు మారలేదు. స్టిక్ మెలిక పనిచేయకుండా తీసేసింది తీసేసినట్టే ఉంది. ఆటలో గాలి లేదు. ఊడిపోయిన పెడల్ చివరి విలువ లోపల ఇరుక్కుపోవడం ఉంటుంది, కానీ అలాగైతే ముక్కు ఒకవైపే ఆగకుండా లాగుతుంది, తొక్కి వదిలినట్టు ఉండదు. ఈ రకం విమానానికి వేగం పెంచితే ముక్కు ఎడమకు పోయే గుణం ఉంది. నేను పెంచలేదు, తగ్గిస్తున్నాను. తగ్గిస్తే పోవాల్సింది కుడికి.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. దానివైపు చూడకుండా విమానాన్ని దించాను. లాగిన ప్రతిసారీ ముక్కు రెండుసార్లు ఎడమకు తిరిగింది. చివరికి రోడ్డు మీద ఆగింది. ఇంజిన్ ఆపి, కంప్యూటర్ ఆపి, బట్టల సంచి తీసుకుని బస్సెక్కాను.

వార్డులో బాపు నిద్రపోతున్నాడు. తమ్ముడు నన్ను బయటికి పిలిచాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

"అక్కా, బాపు ఎడమ కాలు కదిలింది. మంచం చివర రేకును తొక్కిండు. రెండుసార్లు తొక్కుడు, ఆగుడు, మళ్ల రెండుసార్లు. నేను నర్సమ్మను పిలుచుకొచ్చేటాల్లకు ఆగిపోయింది."

ఎప్పుడని అడిగాను. నేను ఇంటికి పోయిన తర్వాత అన్నాడు. సరిగ్గా ఆ సమయానికే అని నేను ప్రమాణం చేసి చెప్పలేను, వాడూ గడియారం చూడలేదు. నేను విమానం దించిన సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. చెప్పాక వైర్లు, నంబర్లు, గాలి అంటూ నాలుగు సంగతులు అడిగాడు, అన్నీ నేను అప్పటికే సరిచూసినవే. ఆ తర్వాత "నీకు నిద్ర లేదక్కా" అన్నాడు. అది నిజమే. కానీ వాడు చూసిన కాలు నా నిద్రలేమితో కదలదు కదా.

బాపు లేచాక బండి దించానని చెప్పాను. ఆయన నావైపు చాలా మామూలుగా చూశాడు.

"ఎర్కనే. గేరు గట్ల గుంజుతరా బిడ్డా? నేను తొక్కకుంటే గేరు డబ్బా పలుగుతుండె."

ఆ తర్వాత బండి గురించి అడగలేదు. అన్నం తిన్నాడు. కొన్ని రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం.

కాలు కదిలిందని చెప్పగానే ఫిజియోథెరపీ డాక్టర్ ఎంతో ఆశపడ్డాడు. నేను పెడల్స్ కిందికి దించి మళ్లీ తగిలించాను. రోజూ బాపును కూర్చోబెట్టాను. భుజం వాలుతుంది, నేను గీతను చూస్తాను, గీత లేవదు. నెలలు పోయాయి. డాక్టర్ ఇప్పుడు నడక మాట ఎత్తడం లేదు.

విమానం ఎందుకు అలా తిరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. నాకు తెలిసిన వైర్లన్నీ వెతికాను. కానీ నన్ను తినేసేది అది కాదు. ఆ కాలికి ఎక్కడో బలం ఉంది. తెర మీద బొమ్మ విమానంలో, లేని ప్యాసింజర్ల కోసం అది వచ్చింది. మంచం నుంచి బాత్రూం దాకా రావడానికి రాదు. రోజూ పొద్దున నా బస్సుకు ముందు ఆ కాలును రెండు చేతులా ఎత్తి కింద పెడతాను. దాని మీద నాకు కోపం కూడా వస్తుంది.

మొన్నొక రోజు ఆ కోపంలోనే అనేశాను. "ఒక్కసారి నా కోసం తొక్కు బాపు."

బాపు నా ముఖంలోకి చూశాడు. ఆయన నుదురంతా చెమట పట్టి ఉంది, అది అప్పుడే చూశాను.

"తొక్కుతనే ఉన్న బిడ్డా" అన్నాడు.

నా చేతుల్లో ఆ కాలు కదలకుండా ఉంది.