వేల్పుకు పెట్టని కంకులు

ఎనిమిదేళ్లుగా రెండు మొక్కజొన్న కంకులు నా గొంతులోనే ఉన్నాయి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. ఇది చదివే మీరెవరో తెలియదు కనుకనే చెప్పగలుగుతున్నాను.

నా బిడ్డ సమ్మికి ఎంత తిన్నా ఆకలే. కోళ్లకు చల్లిన నూకలు కూడా ఏరుకుని తినేది. ఊళ్లో దయ్యం పట్టిందన్నారు. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ నెత్తురు పరీక్షకు పంపించి చెప్పింది. ఒంట్లో క్రోమోజోములని సన్నటి పోగులుంటాయట, అందులో ఒకదాంట్లో చిన్న ముక్క పుట్టుకతోనే లేదట. కడుపు నిండిన సంగతి ఈ పిల్లకు తెలియదు, తప్పు పిల్లది కాదు, తిండికి తాళం వెయ్యి అంది. వేశాను. దాని ఎదుట తినలేక నేనూ సగం కడుపుతోనే ఉండేదాన్ని.

మా ఊళ్లో కొత్త పంటను పండుగనాడు వేల్పుకు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. ఆ ఏడు పండుగకింకా నాలుగు రోజులుంది. కలుపు తీసి వచ్చేసరికి కళ్లు తిరిగాయి. చేలోంచి విరిచి తెచ్చిన రెండు కంకులు కాల్చుకుని, తలుపేసుకుని తిన్నాను. గింజలు తినేసి పెరట్లో పారేసిన బెండ్లు మా ఆయన కంటపడ్డాయి. సమ్మిని వాకిట్లోకి లాక్కొచ్చాడు.

"నేను తినలే నాయినా!"

"నువ్వు గాకపోతే మీ అవ్వ తిన్నదా?"

చుట్టూ చేరినవాళ్లు నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

పదకొండేళ్ల పిల్లను కట్టె విరిగేదాకా కొట్టాడు. పండుగనాడు కొట్టంలో కట్టేసి, దాని వాటా దానికి పెట్టలేదు. ఊరంతా వండుకునే వాసన కొట్టంలోకి పోతూనే ఉంది. నేనెందుకు నోరు విప్పలేదు? దెబ్బలకు భయపడ్డానా? కాదేమో. అందరూ దొంగ అని నమ్మే పిల్ల ఇంట్లోనే ఉన్నప్పుడు నిజం చెప్పే అవసరమే రాలేదు, తప్పు పిల్లది కాదన్న డాక్టరమ్మ మాట మా ఊరివాళ్లలో చెవులారా విన్నది నేనొక్కదాన్నే అయినా.

సాయంత్రం తాడు విప్పుతుంటే సమ్మి అంది, "నేనే తిన్ననేమో అవ్వా. నాకు యాదికి లేదు."

"అవ్ బిడ్డా," అన్నాను.

దెబ్బలు మానాయి. ఆ మాట మానలేదు. అప్పటినుంచి ఏది పోయినా, ఎవరూ అడగకముందే "నేనే" అనేది. నాలుగేళ్లకు ఊపిరాడక చనిపోయింది. తర్వాత ఆయనా పోయాడు. ఇద్దరూ అదే నమ్మి పోయారు.

తిన్నది సమ్మి కాదు. నేను.

టీచరమ్మను రాసిందంతా చదవమన్నాను. చదివింది. నా మొహం చూడలేదు. పోనీ. ఇప్పుడది నాకొక్కదానికే తెలిసిన సంగతి కాదు.